మార్కర్‌తో రాసిన పేర్లు

ఫిలిప్పీన్స్ నుంచి అమెరికా, కెనడా వెళ్లి స్థిరపడ్డ కుటుంబాల్లో పెరిగే క్వీర్ పిల్లల (ఆడా మగా, ప్రేమా పెళ్లీ అనే మామూలు గీతల్లో ఇమడనివాళ్ల) మీద వచ్చిన నవలల గురించి పోయిన నెల ఈ శీర్షికలో నాలుగు ముక్కలు రాశాను. ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. నేను విమర్శకురాలిని కాను. శాన్‌ఫ్రాన్సిస్కోని ఆనుకుని ఉన్న డేలీ సిటీలో పంతొమ్మిదేళ్లు నైట్ డ్యూటీ నర్సుగా పనిచేశాను. ఆ ఊళ్లో దాదాపు ముగ్గురిలో ఒకరు ఫిలిపినోలే. మా వార్డులో నేను, ఇంకొకామె తప్ప అందరూ వాళ్లే. ఈ పుస్తకాలు నా చేతికి వచ్చింది వాళ్ల వల్లే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం ఈ ఉత్తరాలకే ఇచ్చేస్తున్నాను.

*ప్రశ్న: ఎమ్మే ఇంగ్లీషు చదువుతున్నాను. మీరు చెప్పాక కొన్ని నవలలు తెప్పించుకుని చదివాను. "అమ్మా, నేను ఇలాగ" అని పిల్లలు నోరు తెరిచి చెప్పే ఘట్టం ఎప్పుడొస్తుందా అని పేజీలు తిప్పుతూనే ఉన్నాను. అది కథకు గుండెకాయలా ఎక్కడా రాలేదు. రచయితలు వెనక్కి తగ్గారా? అసలు వీటిని ఎలా చదవాలి?*

వెనక్కి తగ్గలేదండీ. మీరు ఎదురుచూసిన ఘట్టం వేరే ఇళ్లది. ఈ ఇళ్లలో విషయం ఇంట్లోవాళ్లకి ముందే తెలుసు. తెలిసిన సంగతిని నోటితో అనడం అనవసరం అని కొందరికి, మొరటుతనం అని కొందరికి. మార్టిన్ మనలన్‌సన్ అనే మానవశాస్త్రవేత్త న్యూయార్క్‌లోని ఫిలిపినో గే మగవాళ్ల మధ్య ఏళ్ల తరబడి తిరిగి, 2003లో "గ్లోబల్ దివాస్" అనే పుస్తకం రాశారు. అందులో మాట్లాడినవాళ్లలో చాలామంది బయటికి ప్రకటించుకోవడాన్ని తమ పద్ధతిగా అనుకోలేదు, అది అమెరికన్ల అలవాటు అన్నారు. నేను వార్డులో చూసిందీ అదే. ఆ మాట చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

వాళ్ల భాషలో రెండు మాటలు తెలిస్తే ఈ నవలలు సగం అర్థమైపోతాయి. ఒకటి "హియా". సిగ్గు అని అర్థం చెబుతారు గానీ, నలుగురిలో మనవాళ్ల తల దించుకునేలా చేస్తామేమో అన్న భయం కూడా అందులో ఉంది. రెండోది "ఉతాంగ్ న లోఓబ్". ఉతాంగ్ అంటే అప్పు, లోఓబ్ అంటే లోపల. డబ్బుతో తీరని, మనసు లోపల మోసే రుణం. అమ్మ రెండు డ్యూటీలు చేసి, పిన్ని పసిబిడ్డని ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చి, ఆ కష్టం మీద పెరిగిన పిల్లలు తమ మనసు సంగతి చెప్పాలనుకున్నప్పుడు ఆ రుణం గొంతుకు అడ్డం పడుతుంది. కోపిష్టి తండ్రి కంటే ఆ రుణమే పెద్ద అడ్డంకి. కోపాన్ని ఎదిరించి ఇల్లు వదిలి పోవచ్చు. రుణాన్ని వదిలి ఎక్కడికి పోతారు?

ఇక పుస్తకాలు. ఆర్. జమోరా లిన్మార్క్ 1995లో రాసిన "రోలింగ్ ది ఆర్స్" తీసుకోండి. హొనొలులులోని కలిహి అనే పేట, 1970ల చివరి రోజులు, ఐదో తరగతి పిల్లలు. ఎడ్గర్ అనే పిల్లవాడికి తనెవరో తనకి తెలుసు, బడిలో అందరికీ తెలుసు. అలాంటప్పుడు వాడు కొత్తగా ఎవరికి ఏం చెప్తాడు? ఆ పుస్తకంలో గొడవంతా నాలుక మీద. హవాయి పిడ్జిన్ (పలు భాషలు కలిసిన అక్కడి వీధి ఇంగ్లీషు) ఒకవైపు, ఇంట్లో భాష ఒకవైపు, బడిలో దిద్దే ఇంగ్లీషు ఒకవైపు. పేరులోని "ఆర్" కూడా అదే, ఆ అక్షరం నాలుక మీద దొర్లితే చాలు, ఎక్కడి నుంచి వచ్చావో ఎదుటివాడికి తెలిసిపోతుంది. ఎవరి ముందు ఎలా మాట్లాడాలో నేర్చుకోవడమే ఆ పిల్లలకు పెద్దవాళ్లవడం. దాన్ని పైకి చదవండి. కళ్లతో చదివితే సగమే అందుతుంది.

ఎలైన్ కస్తియ్యో రాసిన "అమెరికా ఈజ్ నాట్ ది హార్ట్" 2018లో వచ్చింది. మా డేలీ సిటీకి గంట దూరంలో ఉన్న మిల్పిటాస్ ఊరు. నాయిక హీరో (అది ఆమె ముద్దుపేరు) ముప్ఫై దాటిన మనిషి. ఇది ఎదుగుదల కథ ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. ఆమె ఫిలిప్పీన్స్‌లో కొండల్లో తిరుగుబాటుదారుల దగ్గర డాక్టరుగా ఉండి, పట్టుబడి, రెండు బొటనవేళ్లూ విరగ్గొట్టించుకుని వచ్చింది. అన్నీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అక్కడ సర్జన్‌గా ఉన్న బాబాయి ఇక్కడ సెక్యూరిటీ గార్డు, పిన్ని నర్సు. చిన్నపిల్ల రోనీకి ఒళ్లంతా ఎగ్జిమా, దురద పెట్టే చర్మరోగం. ఆ పిల్లని నాటువైద్యం చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తూ ఉంటేనే హీరోకి రోసలిన్ పరిచయమవుతుంది. నర్సుని కాబట్టి నా కళ్లు ముందు చేతుల మీదికే పోతాయి. పట్టు లేని ఆ వేళ్లు ఏం పట్టుకోగలుగుతున్నాయి, ఎవరిని తాకుతున్నాయి అని చూస్తూ చదవండి. మీరు వెతికే ఒప్పుకోలు అక్కడే ఉంది.

కెనడా కథ కావాలంటే క్యాథరీన్ హెర్నాండెజ్ రాసిన "స్కార్‌బరో" ఉంది, 2017లో వచ్చింది. టొరంటో తూర్పు వైపు పేదల పేట, బింగ్ అనే ఫిలిపినో పిల్లవాడు, నెయిల్ సెలూన్‌లో పనిచేసే తల్లి. 2021లో సినిమాగా కూడా తీశారు. ముందు పుస్తకమే చదవండి.

*ప్రశ్న: అమెరికా వెళ్లాక కూడా దాచుకోవడం ఏమిటి? అక్కడ స్వేచ్ఛ ఉంది కదా. ఈ రచయితలు కావాలని బాధని సాగదీస్తున్నారని నాకు అనిపిస్తోంది.*

మీ ఉత్తరం చదివి నొచ్చుకున్నాను, కానీ చాలామందికి ఉండే అనుమానమే కాబట్టి జవాబు రాస్తున్నాను. మీరు కాగితాలను మర్చిపోయారు.

1965లో అమెరికా వలస చట్టం మార్చింది. దేశాల వారీ కోటాలు పోయాయి. ఫిలిప్పీన్స్ నుంచి నర్సులు, డాక్టర్లు వేల మంది రాగలిగింది ఆ తలుపు తెరుచుకున్నాకే. అదే 1965 చట్టం స్వలింగ ప్రేమికులను రానివ్వకుండా ఉండే నిబంధనను ఇంకా గట్టిగా బిగించింది. ఆ నిబంధన 1990 దాకా చట్టంలో ఉంది. అంటే తల్లిని రమ్మన్న చట్టమే కొడుకుని గుమ్మంలో ఆపగలదు. 1980లలో వచ్చిన పిల్లవాడు నోరు మూసుకుని ఉన్నాడంటే వాడికి ధైర్యం లేదని ఎలా అంటాం?

తర్వాత పిటిషన్లు, అంటే ఇంట్లోవాళ్లని అమెరికా రప్పించుకోవడానికి పెట్టే దరఖాస్తులు. మా వార్డులో ఈ మాట వినపడని రాత్రి లేదు. అమ్మ గ్రీన్‌కార్డు మీద ఉండి, ఇరవై ఒకటి దాటిన బిడ్డ కోసం పిటిషన్ వేస్తే ఆ బిడ్డకు పెళ్లి కాకూడదు. ఈలోగా పెళ్లి చేసుకుంటే పిటిషన్ పోతుంది. ఏళ్లకేళ్లు లైను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల లైను అయితే ఫిలిప్పీన్స్ వాళ్లకి దాదాపు ఇరవై ఏళ్లు పడుతుంది. "కాగితాలు వచ్చేదాకా పెళ్లి మాట ఎత్తొద్దు" అని బంధువులకు చెప్పుకుంటూ ఒక మనిషి యవ్వనమంతా గడిచిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ మాట కొందరికి శిక్ష, కొందరికి గొడుగు. ఇంకోవైపు, మగవాడు మగవాడిని పెళ్లాడి ఆ దారిన కాగితాలు తెచ్చుకోవడానికి 2013 దాకా వీలే లేదు.

జోస్ ఆంటోనియో వర్గస్ అనే పత్రికారచయిత జీవితం చూడండి. పన్నెండేళ్ల వయసులో, 1993లో, తల్లి అతన్ని కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో ఉన్న తాతా అమ్మమ్మల దగ్గరికి పంపింది. పదహారేళ్లప్పుడు డ్రైవింగ్ పర్మిట్ కోసం వెళ్తే, చేతిలోని గ్రీన్‌కార్డు దొంగదని కౌంటర్‌లో తెలిసింది. 1999లో హైస్కూల్లో ఉండగా తను గే అని చెప్పాడు. తాత కొన్ని వారాలు ఇంట్లోంచి పంపేశాడు. మతం ఒక కారణం. రెండో కారణం, అమెరికన్ అమ్మాయిని పెళ్లి చేసుకుని కాగితాలు తెచ్చుకునే దారిని మనవడు తన చేత్తో తనే మూసేసుకున్నాడని. 2011లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో ఆయన ఇదంతా రాశారు. గే అని చెప్పడం కంటే కాగితాలు లేవని చెప్పడమే తనకి ఎక్కువ భయం వేసిందని రాశారు.

కాగితాలు లేనివాళ్లను ఫిలిపినోలు "తాగో నాంగ్ తాగో" అంటారు. దాక్కుంటూ, దాక్కుంటూ అని. ఆ మాటలో దాక్కోవడం రెండుసార్లు ఉంది. ఈ నవలల్లో కొందరు పిల్లలు నిజంగానే రెండుసార్లు దాక్కుంటారు. బాధని సాగదీయాల్సిన అవసరం ఏ రచయితకీ లేదండీ.

*ప్రశ్న: ఒక ఫిలిపినో అమెరికన్ కథని తెలుగు చేస్తున్నాను. తల్లి ఫోన్లో తన బిడ్డ గురించి "సియా", "సియా" అంటూ మాట్లాడుతుంది. నేను "వాడు" అని రాశాను. ఎక్కడో తప్పు జరిగినట్టు ఉంది. "బక్లా" అనే మాటకి ఏం పెట్టాలో కూడా తోచలేదు.*

తప్పు ఎక్కడ జరిగిందో మీకే తెలిసిపోయింది. "సియా" అంటే అతనూ కావచ్చు, ఆమె కూడా కావచ్చు. వాళ్ల టాగలోగ్ భాషలో ఆ తేడా లేదు. అందుకే మా వార్డులో ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కొత్తగా వచ్చిన నర్సులు భర్తని "షీ" అనేవాళ్లు, కూతుర్ని "హీ" అనేవాళ్లు. మీ కథలో ఆ తల్లి తన బిడ్డని ఏ గదిలోనూ పెట్టకుండా మాట్లాడుతోంది. మీరు "వాడు" అనగానే ఆమె చెప్పనిది మీరు చెప్పేశారు.

మనకి "తను" ఉంది. ఇద్దరికీ సరిపోతుంది. కానీ వాక్యం చివర క్రియ దగ్గర దొరికిపోతాం, తను వచ్చాడా, తను వచ్చిందా? "వచ్చారు" అంటే తప్పించుకోవచ్చు గానీ, సొంత బిడ్డని ఆ తల్లి అంత మర్యాదగా పిలవదు, చెవికి తేడాగా ఉంటుంది. నేనైతే ఇలా చేస్తాను. తల్లి మాటల్ని, క్రియ బిడ్డ మీద పడని చిన్న ముక్కలుగా పెడతాను. "తనకి ఒంట్లో బాగాలేదట", "తన ఉద్యోగం మారిందట", "తన గొంతు వినపడటమే నాకు పండగ". ఫోన్లో మాట్లాడేటప్పుడు మనం ఎలాగూ ముక్కలుగానే మాట్లాడతాం. ఇంకొకటి గమనించండి. తెలుగులో "నేను వచ్చాను", "నువ్వు వచ్చావు" అన్నప్పుడు ఆడా మగా తేడా లేదు. పక్కన లేని మనిషి గురించి మాట్లాడినప్పుడే ఆ తేడా వస్తుంది. వీలైన చోటల్లా ఆ బిడ్డ చేతే ఫోన్ పట్టించండి, తల్లి చేత "నువ్వు" అనిపించండి.

"బక్లా"ని అలాగే ఉంచండి. గే అంటే తక్కువ పడుతుంది, ట్రాన్స్ అంటే వేరే అర్థం వస్తుంది. ఆ మాటలో నడక ఉంది, అలంకరణ ఉంది, బ్యూటీ పార్లర్ ఉంది, పేదరికం ఉంది, తిట్టు ఉంది, ముద్దూ ఉంది. మన దగ్గర వెక్కిరింపుగా వాడే మాటలు నాలుగైదు మీకు గుర్తొచ్చి ఉంటాయి. వాటి జోలికి దయచేసి పోకండి. రెండు పేజీలు గడిచేసరికి "బక్లా" అంటే ఏమిటో పాఠకులకే తెలుస్తుంది. విసయ ప్రాంతం వాళ్ల కథ అయితే అక్కడ మాట "బయోట్". అది కూడా చూసుకోండి.

*ప్రశ్న: మేము అమెరికాలో ఉంటాం. మా పద్నాలుగేళ్ల బాబు ఫిలిపినో స్నేహితుడి దగ్గర "ఫ్లేమర్" అనే బొమ్మల పుస్తకం తెచ్చుకున్నాడు. దాన్ని చాలా స్కూళ్లలో తీసేశారని విన్నాను. లాక్కోవాలా వద్దా అని టెన్షన్‌గా ఉంది.*

లాక్కోకండమ్మా. మైక్ కురాటో 2020లో వేసిన పుస్తకం అది. 1995 వేసవి, బాయ్ స్కౌట్ క్యాంపు, హైస్కూల్‌కి వెళ్లబోతున్న ఏడెన్ నవారో అనే సగం ఫిలిపినో పిల్లవాడు. తోటి పిల్లలు లావు అని, మాటతీరు అని, కళ్లు అని ఏడిపిస్తారు. చాలా జిల్లాల్లో స్కూల్ లైబ్రరీల నుంచి దాన్ని తీసేసిన మాట నిజం. అబ్బాయిలు క్యాంపుల్లో మాట్లాడుకునే పచ్చి మాటలు ఉన్న మాటా నిజమే. నేను మీకు చెప్పాల్సింది వేరే ఉంది. ఆ పిల్లవాడికి చచ్చిపోదాం అనిపించే రాత్రి ఒకటి అందులో ఉంది. దాన్ని మీ బాబు ఒక్కడే చదవకూడదు. మీరూ చదవండి, ఒక సాయంత్రం చాలు. చదివాక పరీక్ష పెట్టినట్టు ఏమీ అడక్కండి. "నేనూ చదివాను, ఆ రాత్రి దగ్గర నాకు ఏడుపొచ్చింది" అని చెప్పి ఊరుకోండి. వాడు ఆ రోజు మాట్లాడకపోవచ్చు. ఒకవేళ వాడికి అలాంటి ఆలోచనలు ఉన్నాయని ఏమాత్రం అనిపించినా ఆగకుండా డాక్టర్‌తో మాట్లాడండి. అమెరికాలో ఇలాంటి ఆలోచనలప్పుడు సాయం చేసే 988 నంబరుకి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు.

*ప్రశ్న: పోయిన నెల "ఈ నవలలు చదవడం నేను ఒక గరాజ్‌లో నేర్చుకున్నాను" అని రాసి వదిలేశారు. ఆ గరాజ్ సంగతేమిటి?*

ఆతెని ఫోన్లో అడిగాను. పేర్లు రాయకుండా ఉంటే సరే అంది. ఆతె అంటే వాళ్ల భాషలో అక్క. వార్డులో నాకు పని నేర్పిన మనిషి.

వాళ్ల గరాజ్‌లో ఒక మూల ఏడాది పొడుగునా ఒక పెద్ద అట్టపెట్టె ఉండేది. బాలిక్‌బాయన్ పెట్టె. ఊరికి పంపే పెట్టె. స్పామ్ అనే మాంసం డబ్బాలు, సబ్బులు, లోషన్లు, చాక్లెట్లు, టూత్‌పేస్టులు, తువ్వాళ్లు, పిల్లల బూట్లు, సేల్‌లో దొరికిందల్లా అందులోకే. పెట్టెకింత అని తీసుకుంటారు, బరువు చూడరు. అందుకని ఎక్కడా ఖాళీ వదలరు. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో సబ్బులు. ఓడలో పోతుంది కాబట్టి క్రిస్మస్‌కి అందాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో మూత వేయాలి. ఆ రోజు నేను వెళ్లి టేపు పట్టుకునేదాన్ని. ఒక్కో మనిషికి ఒక్కో సంచి. సంచి మీద మాస్కింగ్ టేపు ముక్క. దాని మీద నల్ల మార్కర్‌తో పైన తీసుకునేవాళ్ల పేరు, కింద పంపేవాళ్ల పేరు.

ఆతె పెద్దకొడుకు అప్పటికి ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్లుగా ఒక రూమ్మేట్‌తో ఉంటున్నాడు. ఇంట్లో అందరూ "రూమ్మేట్" అనే అనేవాళ్లు. ఆ ఏడు ఆ రూమ్మేట్ కూడా వచ్చి మాతో పాటు నేల మీద కూర్చుని సర్దాడు. చివర్లో తన బ్యాగులోంచి ఒక చిన్న సంచి తీసి పెట్టెలో పెట్టాడు. మోకాళ్ల నొప్పులకు రాసుకునే బామ్ రెండు సీసాలు, బతాంగస్‌లో ఉన్న అమ్మమ్మకి. పైన "లోలా" అని ఉంది, అంటే అమ్మమ్మ. కింద అతని పేరు.

ఎవ్వరూ ఏమీ అనలేదు. నేను టేపు పట్టుకుని ఆతె మొహం వంక చూశాను. ఆతె ఆ సంచిని పైకి తీసింది. వెలుతురు వైపు తిప్పి చదివింది. మార్కర్ అడిగి తీసుకుని, అతని పేరులోని ఒక్కో అక్షరం మీద మళ్లీ దిద్దింది, లావుగా, దారిలో చెరిగిపోకుండా. తర్వాత దాన్ని తువ్వాళ్ల మధ్య, సీసాలు పగలని చోట పెట్టింది.

ఆ తర్వాత ఏటా ఆ పేరుతో ఒక సంచి వెళ్లేది. లోలాకి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఆమె ఫోన్లో అడిగిందీ లేదు. బామ్ బాగా పనిచేస్తోంది అని మాత్రం అనేదట.

ఒక ఏడు ఊళ్లోంచి ఎవరో వస్తుంటే లోలా బరాకో కాఫీ పంపింది, బతాంగస్ కాఫీ, ఘాటుగా ఉంటుంది. మామూలుగా ఆతెకొక పొట్లం, మనవడికొక పొట్లం వచ్చేవి. ఈసారి రెండో పొట్లం పెద్దది. మాస్కింగ్ టేపు మీద వణికే చేతిరాతతో రెండు పేర్లు, పక్కపక్కన. రూమ్మేట్ పేరులో ఒక అక్షరం తప్పు. ఫోన్లో ఎలా వినపడిందో అలా రాసింది.

ఆతె కాఫీ కొడుక్కి ఇచ్చేముందు ఆ టేపు ముక్కని గోరుతో మెల్లగా, చిరక్కుండా ఊడదీసింది. వంటింట్లో కప్పులు పెట్టే అలమరా తలుపు లోపలి వైపు అతికించింది. మొన్న నేను వెళ్లినప్పుడు కప్పు కోసం ఆ తలుపు తీశాను. అంచులు పసుపు రంగు తిరిగాయి. ఇంకా అక్కడే ఉంది.